పురుగులు తిన్న కోడి, నోరు జారిన నేను

మీ ఇద్దరికీ ఇన్నేళ్లుగా చెప్పని సంగతి ఒకటుంది. మీ అమ్మమ్మ గవర్నమెంటు జీతం తీసుకుంటూ రెండేళ్ల పాటు పురుగులు పెంచింది. "మా అమ్మ ల్యాబులో పనిచేసేది" అని మీ అమ్మ గొప్పగా చెప్తుంటుంది కదా, ఆ ల్యాబు ఘనకార్యం ఇదే.

మొన్న చిన్నది ఫోన్లో ఒక వీడియో పంపింది. పెద్ద షెడ్డు, తెల్లకోట్లు వేసుకున్న కుర్రాళ్ళు, ట్రేల నిండా లుకలుకలాడే పురుగులు. "అమ్మమ్మా, పేడ తినిపించి పురుగుల్ని పెంచి, వాటిని కోళ్ళకు మేతగా వేస్తున్నారంట. ఎంత కొత్త ఐడియానో చూడు" అంది. చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ప్రతి ట్రేకీ ఒక పక్కన ఏటవాలుగా పలక ఉంది. ఆ పలక పెట్టాలని తెలియకే నా ఉద్యోగంలో మొదటి అవమానం జరిగింది. రెండోది నా నోటివల్ల జరిగింది. రెండూ చెప్తాను, హాయిగా నవ్వుకోండి. రెండోదాని దగ్గర మాత్రం కొంచెం మెల్లగా నవ్వండి. అక్కడ ఒకామె బతుకూ, ఆమె పన్నెండు బర్రెలూ ఉన్నాయి.

తొంభైలు సగం దాటిన రోజులు. నాంపల్లి స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో మా ఆఫీసు. పశువుల దాణా పరీక్ష చేసే చిన్న ఆఫీసు. ఎవరైనా దాణా శాంపిల్ పంపిస్తే దాన్ని పొడిచేసి, యాసిడ్‌లో ఉడికించి, అందులో మాంసకృత్తులు ఎంత ఉన్నాయో రాసివ్వడం నా పని. మా అమ్మ మెదక్ వైపు మిషన్ దవాఖానలో నర్సు. నేను ఫినాయిల్ వాసనలో పుట్టి ఫినాయిల్ వాసనలోనే పెరిగాను. దారిలో పేడ కనిపిస్తే అవతలి పక్కకి దాటేదాన్ని. నా గొంతు కూడా దవాఖాన గొంతే. పక్క మంచం మీద రోగికి మెలకువ వస్తుందేమో అన్నట్టు మాట్లాడతాను. ఆఫీసులో నేను ఏదైనా అంటే, జవాబు కన్నా ముందు "ఏంటీ?" అనే ప్రశ్న వచ్చేది. ఈ గొంతు సంగతి గుర్తుపెట్టుకోండి, దానితో పని పడుతుంది.

మా ల్యాబుకి పెద్ద, మేమంతా 'సారు' అనే ఆయన, కోస్తా జిల్లాల మనిషి. ఆదివారం వస్తే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల ముందు గొంతుకూర్చోవడమే ఆయనకు సరదా. ఒక సోమవారం పొద్దున్నే అట్ట ఊడిన విదేశీ పత్రిక ఒకటి పట్టుకొచ్చారు.

"చూశారా అమ్మా! కందిరీగలాగా నల్లగా, సన్నగా ఉండే ఈగ ఒకటుందిట. కుట్టదు, కరవదు, మన అన్నం మీద వాలదు. దాని పిల్లపురుగు పేడ తిని బాగా బలుస్తుంది. దాన్ని ఎండబెట్టి పొడి కొడితే, కోళ్ళ దాణాలో చేపపొడి బదులు వెయ్యొచ్చుట!"

"ఆ ఈగ మనకెక్కడ దొరుకుతుంది సార్?"

"ఏంటీ?"

మళ్ళీ అడిగాను.

"మన దగ్గరే ఉందమ్మా. పెంటకుప్పల దగ్గర తిరుగుతూనే ఉంటుంది. దాన్ని పలకరించినవాళ్ళు లేరంతే."

ఆ వ్యాసానికి చివరి రెండు పేజీలు లేవు. ఎవరో చింపి పల్లీలు పొట్లం కట్టి ఉంటారు. నేను ఆ సంగతి చూపిస్తే, "చివర ఏముంటుందమ్మా, సాయం చేసినవాళ్ళకి థాంక్సులు ఉంటాయి" అన్నారు సారు. నేనూ సరే అనుకున్నాను. చదువుకున్నవాళ్ళం ఇద్దరం కూర్చుని తీసుకున్న నిర్ణయం అది.

ఆఫీసు డాబా మీద రెండు ప్లాస్టిక్ టబ్బులు పెట్టాం. వెనక సందులో ఒక తబేలా ఉండేది. తబేలా అంటే బర్రెల కొట్టం, పాలవాళ్ళది. అక్కడి నుంచి పేడ తెప్పించాం. టబ్బు అంచున ముడతలు ముడతలుగా ఉండే అట్టముక్కలు పెడితే, ఆ ముడతల్లో ఈగలు వచ్చి గుడ్లు పెట్టాయి. నేను రెండు జతల గ్లౌసులు వేసుకుని, ముక్కుకు రుమాలు కట్టుకుని రోజూ చూసేదాన్ని. మూడు వారాల్లో పురుగులు వేలు కణుపంత అయ్యాయి. చివరికి ముదురు గోధుమ రంగుకు తిరిగాయి. సారు, నేను ఒకరినొకరు అభినందించుకున్నాం.

ఆ సాయంత్రం వాన పడింది.

మర్నాడు ఆఫీసుకొచ్చేసరికి మెట్ల మీద జనం. ముదిరిన పురుగు పేడలో ఉండదు, పొడిగా చీకటిగా ఉండే చోటు వెతుక్కుంటూ బయలుదేరుతుంది. అందులోనూ టబ్బు తడిస్తే గోడ పట్టుకుని ఎక్కేస్తుంది. ఈ ముక్క ఆ పోయిన రెండు పేజీల్లో ఉండి ఉండాలి. మా ఆఫీసులో పొడిగా చీకటిగా ఉండే చోట్లకు కొదవేముంది? రికార్డు రూములో ఫైళ్ళ మధ్య, బీరువాల కింద, ఆఖరికి సూపరింటెండెంటు గారి టిఫిన్ డబ్బా సంచిలో కూడా చేరాయి. ఆయన సంచిని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని అందరికీ చూపించారు.

"పదేండ్ల సంది ఈ రూముల ఒక్క ఫైలు కదల్లే. ఇయ్యాల చూడున్రి, ఎట్ల కదులుతున్నయో!"

నాలుగు రోజులకు సర్క్యులర్ వచ్చింది. డాబా మీద ఏ జీవినీ పెంచరాదని. మా టబ్బులు వీధిలో పడ్డాయి.

ఆ టబ్బుల్ని రమ్మన్నది తబేలా ఆమె. నలభై దాటిన మనిషి, నుదుట పెద్ద బొట్టు, మోచేతుల దాకా పాల వాసన. వాళ్ళ తాత కాలం నుంచి ఆ సందులోనే పాలు పోస్తున్నారు. ఎదురుగా కొత్తగా అపార్టుమెంటు లేచింది. అందులోవాళ్ళు పేడ వాసన, ఈగలు అంటూ అర్జీల మీద అర్జీలు పెట్టారు. మున్సిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది.

"మేడం, మీ పురుగులు నా పెండ తింటయా?"

"తింటాయక్కా."

"ఏంది? జర గట్టిగ చెప్పు."

"తింటాయి!"

"వాసన పోతదా?"

"చాలా మటుకు పోతుంది. పేడ సగానికి తగ్గుతుంది. ఈ పురుగులుంటే మామూలు ఈగలు అక్కడ ఎక్కువ పెరగవు."

ఆమె ఒక బర్రె వీపు నిమిరింది. "ఆఫీసరొచ్చి చూస్తడంట. చూసి బాగలేదంటే నెల దినాలల్ల ఖాళీ చెయ్యాలె. మూడు బర్రెలు సూడివున్నయి, ఎండకాలంల ఈనుతయి. నిండు కడుపుతోని లారీ ఎక్కిస్తే కడుపు పోతది. అవి పోతె నేను లేను. నువ్వు నిజం చెప్తున్నవా, గవర్నమెంటు మాట చెప్తున్నవా?"

"నిజమే అక్కా. ఆయన వచ్చేసరికి ఇక్కడ వాసన ఉండదు. నాది పూచీ."

పూచీ అనే మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. బహుశా ఆమెకు సరిగ్గా వినపడదులే అనుకుని ఉంటాను. ఆ ఒక్క మాట మాత్రం స్పష్టంగా వినపడింది.

ఈసారి తబేలాలోనే సిమెంటు గోళేలు, అంటే వెడల్పాటి తొట్లు, పెట్టాం. ప్రతి గోళేనికి ఒక ఏటవాలు పలక, పలక చివర కింద బకెట్. ముదిరిన పురుగులు వాటంతట అవే పలకెక్కి టపటపా బకెట్లో రాలేవి. ఉత్త బర్రె పేడ వాటికి అంతగా రుచించలేదు. మెయిన్‌రోడ్డు హోటల్ నుంచి కూరగాయల తొక్కలు తెచ్చి కలిపితే ఎగబడి తిన్నాయి. నేను గ్లౌసులతో పేడ ఎత్తుతుంటే అక్క పక్కింటి వాళ్ళను పిలిచి మరీ చూపించేది.

"చూడున్రి, మా మేడం పెండకు ఆపరేషన్ చేస్తున్నది!"

నెల తిరిగేసరికి గ్లౌసులు పోయాయి. రెండో నెలకు రుమాలు పోయింది. మూడో నెలలో అక్క తన కోడి పిల్లల్లో కాస్త ఎదిగినదాన్ని ఒకదాన్ని నా ఒళ్ళో పెట్టింది. "గింత కష్టపడుతున్నవ్, దీన్ని నీ పురుగులేసి సాదుకో." ఎర్రటి పెట్ట. నా అడుగుల చప్పుడు వింటే పరిగెత్తుకొచ్చేది. ఆఫీసులో నా మాట ఎవరికీ వినపడకపోయినా, దానికి వినపడేది.

ఇప్పుడు మా కోత పండుగ సంగతి చెప్పాలి. మీరు చిన్నప్పుడు చూశారు, గుర్తుందో లేదో. ఆబిడ్స్‌లో మా చర్చిలో ఏడాదికోసారి, ఎవరి కష్టఫలంలోంచి వాళ్ళు మొదటి పంట తెచ్చి ముందు పెట్టాలి. ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం పాడతారు. ఊళ్ళల్లో అయితే వడ్ల బస్తాలు, మొక్కజొన్న కంకులు తెస్తారు. మా చర్చిలో అందరూ గుమాస్తాలు, టీచర్లు, నర్సులు. ఎవరికీ సెంటు భూమి లేదు. మార్కెట్లో గుమ్మడికాయ కొని, తుడిచి, సొంత పొలంలో కాసినట్టు మొహం పెట్టి తెచ్చేవాళ్ళం. ప్రతి ఏడూ నేను కొన్న అరటిగెల పెట్టి, తలొంచుకుని వచ్చేదాన్ని. ఆ ఏడు మాత్రం నా సొంత పంట ఉంది. ఎర్ర పెట్టను బుట్టలో పెట్టుకుని, తల ఎత్తుకుని వెళ్ళాను. ఆ తల ఎత్తడంలోనే ఉంది అసలు తప్పంతా.

కోడిని పాడుకున్నది మా చర్చికి కొత్తగా వస్తున్న ఒకాయన. హిమాయత్‌నగర్‌లో ఉంటారని, ముసలి తల్లిని వెంటబెట్టుకుని వస్తారని తప్ప ఆయన గురించి నాకేమీ తెలియదు. ఏ ఆఫీసులో చేస్తారు అని అడిగేంత గొంతు నాకెక్కడిది?

చలికాలం మధ్యలో ఒక పొద్దున తబేలా ముందు జీపు ఆగింది. అక్క ముందు రోజే గోడలకు సున్నం కొట్టించింది. సారు ఇస్త్రీ చొక్కాలో ఫైలు పట్టుకుని నిలబడ్డారు. జీపులోంచి ముక్కుకు కర్చీఫ్ పెట్టుకుని దిగిన ఆఫీసరు నన్ను చూసి ఆగిపోయాడు.

"అరే, సిస్టర్! వందనాలు. మీరు గీడ పని చేస్తరా?"

కోడిని పాడుకున్న ఆయనే.

"మీ కోడి బ్రహ్మాండం సిస్టర్. ఆదివారం కోద్దామనుకున్న. మా అమ్మ కొయ్యనియ్యలే. రోజు గుడ్డు పెడుతున్నది. పొద్దున్నే ఒక హాఫ్ బాయిల్ తింటే మజా వస్తది."

వెనక నుంచి అక్క సంతోషం పట్టలేక నా నడుము మీద గిల్లింది.

ఆయన లోపలంతా తిరిగాడు. కాలవ చూశాడు, బర్రెల కింద చూశాడు. కర్చీఫ్ కొంచెం దించి వాసన పీల్చాడు. తర్వాత పూర్తిగా దించి జేబులో పెట్టుకున్నాడు.

"వాసన లేదే! ఈగలు గూడ కనిపిస్తలేవు."

సారు ఇంగ్లీషులో శాతాలు మొదలుపెట్టారు. ఆఫీసరు తల ఊపుతూనే గడియారం చూసుకున్నాడు. అక్కవైపు తిరిగి, "మంచిగనే ఉన్నదమ్మా, రాసిస్త" అన్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు. కాగితం మీద పెన్ను ఆనింది కూడా. అప్పుడు మామూలుగా, ఊరికే అడిగాడు.

"గది సరే గని సార్, ఈ పురుగులను ఆఖరికి ఏం చేస్తరు? ఎవరన్న తింటరా వీటిని?"

సారు దానికి సరైన పేజీ కోసం ఫైలు తిప్పుతున్నారు. పేజీ దొరకడం లేదు. ఆయనకు సాయం చేద్దామని, నిజంగా సాయం చేద్దామనే, నేను ముందుకొచ్చాను. నలభై ఏళ్ళు ఎవరికీ వినపడని నా గొంతు ఆ నిమిషంలో చర్చి గంటలా మోగింది.

"దూరమెందుకు సార్, మీరే తింటున్నారు కదా. మీ కోడి వీటి మీదే పెరిగింది!"

ఆయన "ఏంటీ?" అనలేదు. అదొక్కటే నాకు గుర్తుంది, ఆయన "ఏంటీ?" అనలేదు. గోళెంలోకి చూశాడు. అందులో నాలుగైదు వేల పురుగులు ఒకదాని మీద ఒకటి మెలికలు తిరుగుతున్నాయి. నా వైపు చూశాడు. మళ్ళీ గోళెంలోకి చూశాడు. మూలకు వెళ్ళి ఉమ్మేశాడు. కర్చీఫ్ మళ్ళీ ముక్కు మీదకు వచ్చింది. పెన్ను కదిలింది.

తబేలా ఖాళీ చేయాలి. నెల రోజులు గడువు.

జీపు వెళ్ళిపోయాక సారు ఫైలు మూసి, "పేజీ దొరికింది అమ్మా" అన్నారు నీరసంగా. అక్క మాత్రం నన్ను తిట్టలేదు. బర్రె ముందు గడ్డి సర్దుతూ, నా వైపు చూడకుండానే అంది.

"నీ పురుగులు నా పెండ తిన్నయి. నీ నోరు నా తబేలను తిన్నది."

రెండు ఆదివారాలు చర్చి ఎగ్గొట్టాను. తలనొప్పని మీ తాతయ్యకు చెప్పాను. పొద్దున లేస్తే ఆ మూడు సూడి బర్రెలే కళ్ళ ముందు కనిపించేవి, లారీ పలక ఎక్కలేక జారుతున్నట్టు. మూడో వారం ఒక ఆలోచన వచ్చింది. నా ఆలోచనలన్నీ ఎంత గొప్పవో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. ఆయన కోడిని నేను వాపసు తీసుకుని, బదులుగా పురుగు మొహం చూడని తెల్ల ఫారం కోడిని ఇస్తాను. ఆయన కోపం తగ్గుతుంది. అప్పుడు బర్రెల మాట అడుగుతాను.

తెల్లకోడిని బుట్టలో పెట్టుకుని హిమాయత్‌నగర్ బస్సెక్కాను. బస్సులో అది మూత తోసుకుని తల బయట పెట్టి అందరినీ పలకరించింది. ఆయన ఇంటి తలుపు తీసింది వాళ్ళమ్మ. వెనక పెరట్లో నా ఎర్ర పెట్ట తిరుగుతోంది.

"మీ కోడిని మార్చడానికి వచ్చానమ్మా" అన్నాను.

"ఆ?" అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. ముసలామెకు వినపడదు. చూశారా నా అదృష్టం! లోకంలో అందరికన్నా మెల్లగా మాట్లాడేదాన్ని, అందరికన్నా చెవుడు ఎక్కువున్నామె ముందు నిలబడ్డాను. ఇంక అరవక తప్పలేదు. పురుగుల సంగతి అరిచాను. గుడ్డు సంగతి అరిచాను. సూడి బర్రెల సంగతి, లారీ సంగతి, "తప్పు నాదమ్మా, ఆమెది కాదు" అన్న సంగతి, అన్నీ అరిచాను. ఆ అరుపుకి ఎదురింటివాళ్ళు కిటికీ తెరిచారు. లోపలి గదిలో కుర్చీ కదిలిన చప్పుడైంది. ఆయన ఇంట్లోనే ఉన్నాడు. అంతా విన్నాడు.

ముసలామె నా బుట్ట వైపు చూసింది, తర్వాత లోపలికి తిరిగింది.

"ఏమిరా! గుడ్డు గిందుకా బంద్ జేసినవ్, పానం బాగలేదంటివి? మనూర్ల కోళ్ళేం తిన్నయిరా, హల్వా తిన్నయా? పెంటకుప్ప మీద గెలికి పురుగుల్ తినే గద పెరిగినయి. ఆ కోళ్ళ గుడ్లు తినే గద నువ్వు గింత ఎత్తయినవ్!"

"అమ్మా, నువ్వు ఊకో" అంటూ ఆయన బయటికొచ్చాడు. నా మొహం చూడలేదు. "సిస్టర్, నేను రాసింది రాసినట్టే. ఆడ తబేల ఉండొద్దు, ఉండదు. దాన్ని మార్చను."

"అవును సార్."

"బర్రెలు ఎప్పుడు ఈనుతయి?"

"మూడు నెలల్లో సార్."

"ఏంది?"

"మూడు నెలలు సార్!"

ఆయన లోపలికి పోయాడు. ముసలామె ఎర్ర పెట్టను ఇవ్వలేదు. "గుడ్లు పెట్టే కోడిని ఎవరన్న ఇస్తరా బిడ్డా?" అంది. "ఇంత దూరం తెచ్చినవ్, దాన్ని గూడ ఉండనియ్" అని తెల్లకోడిని కూడా ఉంచేసుకుంది. ఖాళీ బుట్టతో తిరిగొచ్చాను.

వారం దాటాక తబేలాకు ఇంకో కాగితం వచ్చింది. అక్క దాన్ని పట్టుకుని మా ల్యాబుకొచ్చింది, చదివి చెప్పమని. సూడి పశువులు ఈని, దూడలు నడిచేదాకా గడువు పొడిగించడమైనది.

అక్క కళ్ళు తుడుచుకుంది. "ఏం జేసినవే చెల్లె? మెల్లగ మాట్లాడి ఒప్పిచ్చినవా?"

"లేదక్కా, గట్టిగా అరిచాను."

"గదే మరి. ఎక్కడ అరవాల్నో ఎక్కడ ఊకోవాల్నో నీకు ఉల్టా అయ్యింది." మేడం అన్న మనిషి ఆ రోజు నుంచి నన్ను చెల్లె అనే పిలిచింది.

వేసవిలో మూడూ ఈనాయి. తొలకరికి ముందు అక్క ఊరి బయట జాగా చూసుకుని వెళ్ళిపోయింది. వాళ్ళ తాత కాలం నాటి తబేలా మూతపడింది, అందులో నా వంతు నాకు తెలుసు. లారీలోకి బర్రెలకన్నా ముందు గోళేలు, పలకలు ఎక్కించింది. సారు మా ప్రయోగం మీద అరవై పేజీల రిపోర్టు పంపారు. పైనుంచి "చూడడమైనది" అని ఒక్క మాట రాసి వాపసొచ్చింది. సారు వేరే జిల్లాకు బదిలీ అయ్యారు. వెళ్ళేముందు ఆ పాత పత్రిక నాకిచ్చారు. "మీరైనా ఆ రెండు పేజీలు ఎక్కడైనా దొరుకుతాయేమో చూడండమ్మా" అన్నారు. ఎన్నో ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికాను. దొరకలేదు.

మళ్ళీ కోత పండుగ వచ్చింది. ముందు రోజు అక్క రెండు బస్సులు మారి మా ల్యాబుకొచ్చింది. చేతిలో బుట్ట, బుట్టలో నిగనిగలాడే నల్ల పెట్ట. గోళేలు అక్కడ కూడా నడుస్తున్నాయని, చుట్టుపక్కల పాలవాళ్ళు వచ్చి చూసి పోతున్నారని చెప్పింది.

"గీ కోడిని మీ పండుగల పెట్టు చెల్లె. ఏం తిన్నదో మాత్రం చెప్పకు."

వేలంలో నల్ల పెట్టను పైకెత్తగానే మొదటి పాట ఆయనదే. ఎవరో పెంచారు. ఆయన ఇంకా పెంచాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. కోడిని చంకలో పెట్టుకుని వెళ్తూ, గుమ్మడికాయల పక్కన నిలబడ్డ నా దగ్గర ఆగాడు. కోడి వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"సిస్టర్, ఇది..."

"ఏంటీ?" అన్నాను.

నా జీవితంలో ఎదుటి మనిషిని ఆ మాట అడగడం అదే మొదటిసారి. ఆయన "ఏం లేదు సిస్టర్" అని, కోడిని జాగ్రత్తగా సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.